ఓబులేష్ గీసిన గీత

ఉమామహేశ్ సార్ పాఠం చెప్పి "అర్థమైందా?" అని అడిగితే మేమంతా తలూపుతాం. అర్థం కాకపోయినా ఊపుతాం. ఓబులేష్ ఒక్కడే సగం ఊపి మధ్యలో ఆపేసేవాడు. అర్థమైందో లేదో పాపం వాడికే తెలిసేది కాదు. కడపలో మా సినిమా కోర్సులో వాడి పక్కన కూర్చునే భాగ్యం నాకు దక్కింది. వాడి షూటింగులకు మైకు కర్ర పట్టుకునే పని కూడా నాదే. సుప్రజ అంటే, అదే నేనంటే, ఊరికే దొరికే మనిషి అనుకున్నారేమో!

వాడిది వేంపల్లె దగ్గర పల్లె. నాన్న బొజ్జన్నకు బత్తాయి తోట ఉంది, మా వైపు చీనీ తోట అంటాం. కెమెరా అంటే వాడికి ప్రాణం. పట్టుకున్నాడంటే అన్నం సంగతి కూడా మరిచిపోతాడు. కోర్సు చివర్లో మేమంతా కలిసి తీసే సినిమాకు కెమెరా తనకే ఇవ్వాలని సార్ వెంటపడ్డాడు. సరే, ఇద్దరు మనుషులు ఎదురెదురుగా నిలబడి నాలుగు మాటలు మాట్లాడుకునే సీను ఒకటి తీసుకొని రా, చూద్దాం అన్నారు సార్.

వీడు ఎవరిని పెట్టి తీశాడనుకున్నారు? నాన్ననీ, చిన్నాయన చిన్నన్ననీ! ఆ అన్నదమ్ములకు బోరు నీళ్ల దగ్గర తగాదా వచ్చి ఎన్నో ఏళ్లుగా మాటల్లేవు. ఎదురెదురు ఇళ్లే, కానీ ఒకరి గడప ఒకరు తొక్కరు. ఏదైనా చెప్పాల్సి వస్తే "వానికి చెప్పు", "ఆయప్పను అడుగు" అంటూ మధ్యలో ఓబులేషును పెట్టుకుంటారు. అందుకని వీడు నాన్నను ఒకరోజు ఈ పక్క నుంచి, చిన్నాయనను ఇంకోరోజు ఆ పక్క నుంచి విడివిడిగా తీశాడు.

క్లాసులో వేసి చూస్తే ఇద్దరూ ఒకే దిక్కుకు చూస్తూ మాట్లాడుతున్నారు. బస్సు కోసం నిలబడ్డ వాళ్లలా ఉన్నారు. ఆ కెమెరా మీదే కన్నేసిన హర్షవర్ధన్ పడీపడీ నవ్వాడు. సార్ మాత్రం నవ్వలేదు. ఇద్దరి మధ్య ఒక గీత ఉందనుకోవాలి, కెమెరా ఎప్పుడూ దానికి ఒక పక్కనే ఉండాలి, దాటితే చూపులు తారుమారవుతాయి అని మళ్లీ చెప్పారు. వచ్చే శుక్రవారానికి సరిగ్గా తెస్తే సరి, లేదంటే కెమెరా హర్షవర్ధన్‌కే అని తేల్చేశారు. ఓబులేష్ మొహంలో నెత్తురు చుక్క లేదు.

క్యాంటీన్లో రెండు టీ గ్లాసులు పెట్టి, ఇది మీ నాన్న, ఇది మీ చిన్నాయన, గీత యాడుందో చూపించు అని చెంచా చేతికిచ్చాను. వాడు దాన్ని రెండు గ్లాసుల మధ్య గట్టులాగా అడ్డంగా పెట్టాడు. నేను తీసి, ఈ గ్లాసు నుంచి ఆ గ్లాసు దాకా నిలువుగా పెట్టాను. వాడు దాన్ని చాలాసేపు అనుమానంగా చూశాడు.

"గీతంటే ఇద్దరి నడాన అడ్డం గదా ఉండాల్సింది?" అన్నాడు. "మా ఇండ్లకాడ అట్లే ఉండాది."

నాకు ఒళ్లు మండింది. ఇది విడదీసే గీత కాదప్పా, ఒకరి చూపు ఇంకొకరిని చేరే దారి అని విడమరిచి చెప్పాను. మళ్లీ సగం తలూపాడు.

గురువారం ఇద్దరం వాళ్లూరికి పోయాం. వాళ్లమ్మ గురమ్మ పోరగా పోరగా అన్నదమ్ములు వీధిలో ఎదురెదురుగా నిలబడ్డారు. ఒట్టి చూపులే, మాటలు తర్వాత అతికించుకోండి అని ఇద్దరూ ముందే షరతు పెట్టారు. ఓబులేష్ ఒకరి కాళ్ల దగ్గర నుంచి ఇంకొకరి కాళ్ల దాకా ముగ్గుపిండితో గీత గీశాడు. వెనక్కి జరగడానికి పాక గోడ అడ్డం, అందుకని కెమెరాతో ఇద్దరి మధ్యలోనే, గీతకు ఇవతల నిలబడ్డాడు.

బొజ్జన్న కళ్లు చికిలించాడు. ఎండ కంట్లో పడుతోంది, వాన్ని రోంత ఎండకు అడ్డం జరగమని కొడుకుతో చెప్పాడు. వీడు చెప్పాడు. చిన్నన్న జరిగాడు. నాలుగడుగుల దూరంలో ఉన్న మనుషులకు మధ్యలో ఈ రాయబారం ఏమిటో! అప్పుడు చిన్నన్న అన్న మొహంలోకి పరీక్షగా చూశాడు.

"ఆయప్ప కంట్లో తెల్లగా ఏందో ఉండాది. ఎన్నాళ్ల నుంచో అడుగు."

ఓబులేష్ అడిగాడు.

"రెండేండ్లాయ. ఆపరేషన్ చేయాలంటాండారని చెప్పు."

ఓబులేష్ చిన్నాయన వైపు తిరిగాడు. కానీ ఆ మాట చేరవేయలేదు. ఒకసారి అటు చూశాడు, ఒకసారి ఇటు చూశాడు. దారి తప్పిన మనిషిలా నిలబడిపోయాడు. ఉన్నట్టుండి కెమెరా స్టాండు ఎత్తుకొని, ఆ ముగ్గు గీత తొక్కేసి వీధి అవతలికి పోయాడు.

గీత దాటినావు, గీత దాటినావని నేను గొంతు చించుకున్నాను. వాడు విననే లేదు. అన్నదమ్ముల మధ్య ఎవరూ లేరు.

"నాకొక మాట చెప్పకూడదా అన్నా?" అన్నాడు చిన్నన్న.

"నువ్వీపక్క చూస్తే గదరా, చెప్పేది." అన్నాడు బొజ్జన్న. "ఒక్కన్నే పోవాలంటే భయమైతాంది."

నా చేతిలో మైకు కర్ర వంగిపోయింది. ఏడుపొచ్చేసింది నాకు.

శుక్రవారం క్లాసులో వేసి చూస్తే తెర మీద మొదట బొజ్జన్న ఎడమ వైపు ఉన్నాడు, తర్వాత ఒక్క ఉదుటున కుడి వైపుకు వచ్చాడు. మైకు కర్ర ఎక్కడో ఉండబట్టి మాటలు కూడా సరిగ్గా వినపడలేదు. ఎవరు ఎవరిని చూస్తున్నారో క్లాసులో ఒక్కరికీ అర్థం కాలేదు. సార్ నిట్టూర్చి, సినిమాకు కెమెరా హర్షవర్ధన్ పట్టుకుంటాడని చెప్పేశారు. ఆ తర్వాత ఓబులేషును లేపి, గీత నువ్వే గీసుకొని నువ్వే ఎందుకు దాటావని అడిగారు.

వాడు బుర్ర గోక్కున్నాడు.

"నేను నడాన నిలబడుకుంటే వాళ్లు నాతోనే మాట్లాడతాండారు సార్."