నాన్న ఎదుటే అనాథనయ్యాను

పోయిన డిసెంబరు సంగతి. నేను ఇంటర్ చదువుతున్నాను. మా నాన్న కొండాపూర్‌లోని ఒక అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్. అక్కడుండే ఒక మేడమ్ కాలేజీకని నాకు బ్యాగు కొని, ఇస్తుండగా ఫొటో తీయించుకున్నారు.

ఏడాది చివర క్లబ్‌హౌస్‌లో అపార్ట్‌మెంట్ వాళ్లంతా చేరి, తమ కుటుంబ విశేషాలను తెర మీద చూపించుకున్నారు. "నువ్వూ రావాలమ్మా" అని మేడమ్ పిలిస్తే, ఉన్నవాటిలో మంచి డ్రెస్ వేసుకుని వెళ్లాను. నాన్న తలుపు దగ్గర డ్యూటీలో ఉన్నాడు.

మేడమ్ వాళ్ల కశ్మీర్ ప్రయాణం, బాబుకు ఈతలో వచ్చిన పతకం, పాప మొదటి నాట్య ప్రదర్శన అయ్యాక నా ఫొటో వచ్చింది. దాని కింద "తల్లిదండ్రులు లేని అమ్మాయికి మా చేయూత" అని రాసి ఉంది. మేడమ్ నన్ను ముందుకు పిలిచి భుజం మీద చెయ్యి వేశారు. అందరూ చప్పట్లు కొట్టారు.

నాన్న యూనిఫారంతోనే ముందుకొచ్చాడు.

"మేడమ్, జర ఆ మాట తీసెయ్యుండ్రి. నేను, దీని తల్లి బతికే ఉన్నం."

హాలంతా గొల్లున నవ్వింది. మేడమ్ కూడా నవ్వేశారు.

"నువ్వున్నావని తెలుసులే యాదగిరీ! అలా రాస్తేనే కదా చూసేవాళ్ల మనసు కరిగేది. వెళ్లి భోజనాల దగ్గర చూడు."

ఇంటికి రాగానే అమ్మ ఆత్రంగా "ఎట్లయింది?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే నాన్న అందుకున్నాడు.

"మస్తయింది. మన పిల్లకు అందరు సప్పట్లు కొట్టిన్రు."

ఆ మాట అంటున్నప్పుడు ఆయన నా ముఖం చూడలేదు. ఆ హాల్లో నవ్వుల కన్నా అదే నన్ను ఎక్కువ కోస్తోంది. అమ్మ మాత్రం ఇప్పటికీ ఇరుగుపొరుగుకు ఆ చప్పట్ల గురించి చెప్పుకుని మురిసిపోతుంది. ఆమెకు చదవడం రాదు కాబట్టే ఇది మీకు రాయగలిగాను.