నా చిటికెన వేలు తిన్న కంప్యూటర్

కంప్యూటర్ నా కాలు తినేసింది. రాయపూర్‌లో నన్ను పలకరించిన ప్రతివాడికీ ఇదే చెబుతాను. పక్కన మా ఆవిడ ఉంటే సవరిస్తుంది కాబట్టి నేనే ఒప్పుకుంటున్నాను: కాలు కాదు, ఎడమ కాలి చిటికెన వేలు. కోపం మాత్రం కాలంత ఉంది.

షుగరున్నవాణ్ణి. టాటీబంధ్ దగ్గర ఆటో దిగుతుంటే రేకు గీరుకుని పుండు పడింది, చీము పట్టింది. ఆసుపత్రిలో కొంత చీము తీసి ప్లేటు మీద క్రిముల్ని పెంచడానికి పంపారు. అవి ఏ మందుకి చస్తాయో తేలడానికి రోజులు పడుతుంది. ఇంకొంత శంకర్ నగర్‌లో మా మేనకోడలు పనిచేసే ల్యాబుకి వెళ్లింది. అక్కడ క్రిముల జన్యువులు చదివి, మందుకి లొంగని గుర్తులున్నాయేమో కంప్యూటర్ వెతుకుతుంది.

ప్లేటు కంటే ముందే దాని తీర్పు వచ్చేసింది.

"మావయ్యా, ఈ ఇంజెక్షన్ పని చేస్తాది. ఫికర్ చెయ్యకు" అంది పిల్ల.

నా చీముని సాక్షాత్తూ కంప్యూటరే పరీక్షించిందని వార్డంతా చాటాను. ఇంజెక్షన్లు పడుతూనే ఉన్నాయి, వేలు నల్లబడుతూనే ఉంది. ఆఖరికి ప్లేటు కబురొచ్చింది: ఆ మందు చుట్టూ క్రిములు దర్జాగా పెరుగుతున్నాయట. మందు మార్చారు. పాదం దక్కింది, వేలు పోయింది.

మేనకోడలు తల వంచుకుని వచ్చింది.

"మరి పని చేస్తాదన్నావేటే?"

"లొంగని గుర్తేదీ దొరకలేదు మావయ్యా. దొరక్కపోతే పని చేస్తాదనే రాస్తాది."

"దానికి తెలిసిన గుర్తులు ఎక్కడివి?"

"జ్యాదా బయటి దేశాలవి. మన వైపువి తక్కువ."

నాకు తిక్క రేగింది. బతుకంతా రైల్లో టికెట్లు చూసినవాణ్ణి!

"పెట్టె ఈ చివర్నుంచి ఆ చివరికి నడిచేను. టికెట్ లేనోడు కనబడలేదు. అంటే లేడనా? మరుగుదొడ్లో గొళ్లెం పెట్టుకు కూకున్నోడి మాటేటి? దొరకలేదని రాయి! పని చేస్తాదని రాయడానికి అదెవరే?"

నా అరుపుకి నర్సు పరుగెత్తుకొచ్చింది.

"ఒగ్గేయండి ఇంక" అంది మా ఆవిడ. "తవరు ఆ తలుపు ఎన్నడైనా కొట్టేరా?"

కొట్టలేదు. కంపుకి ముక్కు మూసుకుని దాటేసేవాణ్ణి. అందుకేనేమో, కోపం ఇంకా పెరిగింది.

"నీ క్రిమిని మా లిస్టులో కలుపుకోవచ్చా మావయ్యా?" పిల్ల భయపడుతూనే అడిగింది. "ఇంకోళ్లకి పనికొస్తాది."

"వేలూ నాదే, దానమూ నాదేనా?"

పక్క మంచం మీద లారీ డ్రైవరు మా గోలకి లేచి కూర్చున్నాడు. వాడి పాదానికీ కట్టే. వాడి చీమూ అదే ల్యాబుకి వెళ్లింది, వాడి కాగితం మీదా 'పని చేస్తుంది' అనే ఉంది.

"కలుపుకో. ముందు ఆడి కాగితం మార్చుకు రా" అన్నాను.

వెళ్లి మార్చింది. 'గుర్తులు దొరకలేదు, ప్లేటు చూడండి' అని రాసుంది. డాక్టరు దాన్ని చూసి, ప్లేటు తేలేదాకా వేరే మందు వేశాడు. ఆ డ్రైవరు వేళ్లన్నీ ఉంచుకుని ఇంటికెళ్లాడు.

కంప్యూటర్‌కి బుద్ధి చెప్పింది నేనేనని కాలనీలో చెప్పుకుంటున్నాను. మార్చింది పిల్ల. నేను అరిచానంతే. చెప్పు జారినప్పుడల్లా ఇప్పటికీ అరుస్తాను.