పాట వెనుక నిలబడిన అక్క

మా అక్క పోయింది. పోయిన నెలలో ఒక పొద్దున నేను మా అమ్మాయికి జడ వేస్తుండగా ధర్మవరం నుంచి బావ ఫోన్ చేశాడు. "పాపా, మీ అక్క లేదు. నిద్రలోనే పోయింది. కాఫీకి లేపితే లేవలేదు" అన్నాడు. సగం వేసిన జడతో మా అమ్మాయి నా ముఖం వైపు చూస్తూ అలాగే కూర్చుంది.

ఆమె నాకు తోడబుట్టినది కాదు. అనంతపురంలో ఒక ఆర్కెస్ట్రాలో నేను పాటలు పాడతాను. పెళ్లిళ్లు, జాతరలు, వినాయక చవితి పందిళ్లు, ఎక్కడికి పిలిస్తే అక్కడికి పోతాం. నాకన్నా ముందు ఆ మైకు దగ్గర నిలబడి పాడింది ఆమె. ఉరవకొండ నుంచి ముదిగుబ్బ దాకా ఆమె పాట వినని ఊరు లేదు. అలాంటి మనిషికి గొంతులో గడ్డ లేచింది. ఆపరేషన్ తప్పదన్నారు. గొంతు నరం దెబ్బతినవచ్చని డాక్టర్లు ముందే చెప్పారట, చివరికి అదే జరిగింది. ప్రాణం నిలిచింది గానీ గొంతు పోయింది. చెవిలో రహస్యం చెప్పినట్టు గుసగుస ఒక్కటి మిగిలింది. ఆమె చోటు ఖాళీ కావడంతో గార్లదిన్నె దగ్గరి మా పల్లె నుంచి నన్ను పిలిపించారు.

ఆమె పాడిన పాటలే నేర్చుకున్నాను. ఆమె ఎక్కడ ఊపిరి తీసుకునేదో అక్కడే తీసుకున్నాను, ఆమె శ్రుతిలోనే పాడాను. స్టేజీ దిగాక ఎవరైనా "ఆయమ్మ మాదిరే పాడతాండావే" అంటే మురిసిపోయేదాన్ని. ఆమెను మాత్రం ఎప్పుడూ చూడలేదు. ఇల్లు కదలడం లేదనీ, బావ నడిపే పట్టుచీరల అంగడి వైపు కూడా రావడం లేదనీ వింటుండేవాళ్లం.

ఆ రోజుల గురించి చాలా కాలం తర్వాత ఆమే నాకు చెప్పింది. పాట వినపడితే చాలు, లేచి తలుపులు మూసుకునేదట. ఒక సాయంత్రం పక్క వీధిలో పెళ్లి, ఎవరిదో ఆర్కెస్ట్రా మొదలైంది. కిటికీలు, తలుపులు అన్నీ వేసింది. "పాడే ఆయమ్మ గొంతు తలుపు అవతలే ఆగిపోయింది. కీబోర్డు ఆగిపోయింది. బేస్ మాత్రం గోడలో నుంచి వచ్చినాది. గోడకు చెయ్యి ఆనించి ఉంటే అది ఏ పాటో తెలిసిపాయ. అట్లే నిలబడి చివరిదాకా విన్నా" అంది.

బేస్ గిటారు గురించి తెలియనివాళ్లకు రెండు మాటలు చెప్పాలి. చూడడానికి గిటారే గానీ మెడ పొడుగు, తీగలు లావు, నాలుగే ఉంటాయి. పాట అడుగున గంభీరంగా నడిచే శబ్దం దానిదే. జనం దాన్ని విడిగా వినరు. పాడేవాళ్లకు మాత్రం అది కాళ్ల కింద నేల లాంటిది. ఇన్నేళ్లు దాని మీద నిలబడి పాడిన అక్క ఇప్పుడు దాన్నే పట్టుకోవాలనుకుంది.

అంగళ్లలో దొరికేవి ఆమెకు కుదరలేదు. చెయ్యి చిన్నది, మనిషి సన్నం. బెంగళూరులో ఒకాయన చేత్తో గిటార్లు చేసి ఇస్తాడని తెలిసి బావను వెంటబెట్టుకుని పోయింది. ఆయన ఆమె ఎడమ చేతిని బల్ల మీద పెట్టించి వేళ్ల చుట్టూ పెన్సిలు గీశాడట. కూర్చోబెట్టాడు, నిలబెట్టాడు, భుజానికి ఒక ఉత్త చెక్క తగిలించి నడిపించాడు. వీణకు వాడే పనసచెక్కతోనే ఒళ్లు చేశాడు. మెడ ఆమె పిడికిలికి సరిపోయేంత సన్నంగా తీశాడు. వెనుక వైపు నడుముకు ఆనే చోట చెక్కను లోపలికి చెక్కాడు. ఎండాకాలంలో చెప్పి వస్తే చలికాలానికి తయారైంది. ఆ తేనెరంగు చెక్కను మొదటిసారి తాకినప్పుడు నాకు పసిబిడ్డ వీపు నిమిరినట్టనిపించింది.

ఇంత ఖరీదైన వస్తువు ఈ వయసులో దేనికని చుట్టాలు అడిగారు. "పాడి సంపాదించింది పాటకే పెడతాండా. మీకేమి నొప్పి?" అని గుసగుసగానే అడిగిందట. గుసగుసతో కూడా గద్దించవచ్చని ఆమెను చూశాకే నాకు తెలిసింది.

సెల్‌ఫోన్‌లో పాఠాలు చూస్తూ, వేళ్లు పొక్కులెక్కి మానిపోయి మళ్లీ పొక్కేదాకా నేర్చుకుంది. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం మేం ప్రాక్టీసు చేసుకునే గదికి వచ్చింది. అందరూ లేచి నిలబడడంతో ఆమె ఎవరో తెలిసి నేను మైకు దగ్గర నుంచి పక్కకు జరిగాను. ఆమె నా వైపు చూడలేదు. ఆర్కెస్ట్రా నడిపే కీబోర్డు అన్నతో వచ్చిన పని చెప్పింది.

"బేస్ నా ఎడమ చేత్తో కీబోర్డులోనే వస్తాది గదమ్మా. ఇంగొక మనిషి ఎందుకు?" అన్నాడు ఆయన.

"ఒక్క పాటకు నీ ఎడమ చెయ్యి జేబులో పెట్టుకోన్నా" అంది అక్క.

ఆయన నవ్వుతూనే పెట్టుకున్నాడు. పాట మొదలైంది. పల్లవి దాటేసరికి నవ్వడం మానేశాడు. నా సంగతి చెప్పాలంటే, పాడుతున్నంతసేపూ ఎవరో వెనుక నుంచి నడుము పట్టి నిలబెట్టినట్టుంది. పాట ముగిశాక ఆయన కాసేపు ఆమె చేతుల వంక చూసి, "శనివారం ఉరవకొండలో పెండ్లి ఉండాది. వస్తావా?" అని అడిగాడు.

అక్క అప్పుడు నా వైపు తిరిగింది. "నువ్వు నా శ్రుతిలో ఎందుకు పాడతాండావు?"

నేను బిక్కచచ్చిపోయాను. "అన్నీ అట్లే సెట్ చేసినారక్కా" అన్నాను.

"పైకి పోయినప్పుడల్లా మెడ నరాలు ఉబ్బుతాండాయి. అన్నా, ఈ పాపకు శ్రుతి దించు. గొంతు చిరిగిపోయినాక నా మాదిరి గుసగుసలాడతాంటాది."

అప్పటికే ప్రోగ్రాం అయిన మరుసటి రోజల్లా నాకు గొంతు మంట. పాడితే అంతేనేమో అనుకునేదాన్ని. ఆమె తన శ్రుతిలో వేళ్లు అరగదీసుకుని నేర్చుకున్న పాటలన్నీ నా కోసం మళ్లీ మొదటి నుంచి నేర్చుకుంది. ఈ రోజుకీ నా గొంతు నాకుందంటే ఆ మధ్యాహ్నమే కారణం.

తర్వాత ఏళ్లపాటు ఆమెతో కలిసి ఊరూరా తిరిగాను. బస్సెక్కితే గిటారు పెట్టెను ఒళ్లో అడ్డంగా పెట్టుకునేది, పైన పెట్టనిచ్చేది కాదు. "ఏమ్మా, వీణా?" అని కండక్టర్ అడిగితే "వీణ మనవరాలు" అనేది. ప్రోగ్రాం అయ్యాక పట్టు పీలికతో తీగలన్నీ తుడిచేది. మా గాలిలో తడి తక్కువ, చెక్క ఎండి వంగిపోతుందని చేసినాయన హెచ్చరించాడట. అందుకని సబ్బుపెట్టెకు చిల్లులు పొడిచి, తడిపిన స్పాంజి అందులో పెట్టి గిటారు పక్కన ఉంచేది. ఒకసారి బావ చూసి, "ట్యాంకరు రాక ఊరంతా అల్లాడతాంటే గిటారుకు నీళ్లు పెడతాండావా?" అన్నాడు. "నా చెంబులో నీళ్లే పోసినాలే" అంది. నిజంగానే ఆ ఎండల్లో తాను తాగే నీళ్లలో నుంచే దానికి పెట్టేది.

స్టేజీ మీద ఆమె జనం వైపు చూసేది కాదు. కొంగు నడుముకు దోపుకుని, పట్టుచీర మీద ఆ గిటారు తగిలించుకుని నా వెనుక ఎడమ పక్కన నిలబడేది. మొదట్లో కొందరు ఈల వేశారు. కొన్ని ఊళ్లలో ముసలివాళ్లు గుర్తుపట్టి, "ఆయమ్మ గదా ముందు పాడతాండేది?" అని గుసగుసలు పోయారు. ఏదీ పట్టించుకునేది కాదు. నేను తప్పు పాడితే స్టేజీ మీద ఏమీ అనేది కాదు. బస్సులో మాత్రం చెప్పేది: "వెనకాల నేనుండా గదా, ఎందుకు ఉరుకుతావు?"

ఒకరోజు బస్సులో ధైర్యం చేసి అడిగాను. "అక్కా, నీ పాటలు నేను పాడతాంటే నీకు బాధ కాలేదా?"

ఆమె కిటికీలోంచి చూస్తోంది. బయట ఎండిన శనగచేలు వెనక్కి పోతున్నాయి. "అయితాది" అంది. ఒళ్లో పెట్టె సర్దుకుని, "రోజూ అయితాది. నువ్వు బాగ పాడిన రోజు ఇంగా కొంచెం ఎక్కువ అయితాది" అంది. ఆ మాట చెప్పి నా చెయ్యి తీసుకుని పెట్టె మీద తన చెయ్యి పక్కన పెట్టుకుంది. నాకు ఏడుపు వచ్చింది. ఆమెకు రాలేదు. ఊరు వచ్చేదాకా మా ఇద్దరి చేతులూ అలాగే ఉన్నాయి.

అక్కను మట్టి చేసి వచ్చాక బావ గిటారును మంచం మీద పెట్టి దాని పక్కనే కూర్చున్నాడు. అమ్మేది లేదన్నాడు. చిన్న చెయ్యున్న ఆడపిల్ల ఎవరైనా నేర్చుకుంటానని వస్తే ఇస్తానన్నాడు. వెతుకుతానని మాటిచ్చాను.

ఆమె గురించి ఎవరు అడిగినా నాకు మొదట గుర్తొచ్చేది మేం కలిసి చేసిన చివరి ప్రోగ్రాం. గార్లదిన్నె పక్క పల్లెలో పెళ్లి విందు. పొద్దు అప్పుడే వాలింది. పాట సగంలో ఉండగా జనరేటర్ ఆగిపోయింది. మైకు పోయింది. కీబోర్డు, డ్రమ్ము ప్యాడ్లు అన్నీ కరెంటు మీద నడిచేవే, ఒక్కసారిగా మూగపోయాయి. నేను ఆపబోతుంటే వెనుక నుంచి "ఆపద్దు" అని గుసగుస వినపడింది. తిరిగి చూశాను. ఆమె వేళ్లు ఆగలేదు. కరెంటు లేని బేస్ ఎవరికీ వినపడదు. దగ్గరికి జరిగాను. చెక్క మీద తీగల చిన్న చప్పుడు, చీమంత చప్పుడు, నాకు అందింది. దాన్ని పట్టుకుని ఉత్త గొంతుతో పాడాను. ఈలలు వేస్తున్న జనం మెల్లగా సద్దుమణిగారు. విస్తళ్ల ముందు కూర్చున్నవాళ్లు చేతులు ఆపి విన్నారు. రెండో చరణం మధ్యలో జనరేటర్ మళ్లీ పట్టుకుంది. మైకులు నడిపే మిక్సరు తేరుకోవడానికి కొంత సమయం పడుతుంది. అక్క గిటారుకు విడిగా ఉన్న స్పీకరు బాక్సు మాత్రం వెంటనే లేచింది. నేను ఏ అక్షరం మీద ఉన్నానో సరిగ్గా ఆ అక్షరం కింద ఆమె తీగ మోగింది. స్టేజీ చెక్కల్లోంచి నా పాదాల్లోకి ఎక్కింది. అక్క తల ఎత్తలేదు. ఆమె వేళ్లను చూస్తూ నేను పాడుతూనే ఉన్నాను.