నీళ్ల బండికి కట్టిన నల్లతాడు

మా ఆయన హ్యాండిల్ ఎడమకు తిప్పినా బండి తిన్నగా రాళ్లకట్ట మీదికే వస్తోంది. పిల్లలిద్దరూ ఆ కట్ట మీద నా పక్కనే ఉన్నారు.

2011లో మేం శంషాబాద్‌లో కిరాయికి ఉండేవాళ్లం. దగ్గర్లోని రిసార్టు చెరువులో, నిలబడి నడిపే జెట్ స్కీలకు, అంటే నీళ్ల బండ్లకు, ఆయన మెకానిక్. ఒక బండి స్టీరింగ్ కేబుల్ సాగిపోయిందని, ఆ రోజు మందమైన కొత్త కేబుల్ వేశారు. హ్యాండిల్ తిప్పితే ఆ కేబులే వెనక నీళ్లు చిమ్మే గొట్టాన్ని పక్కకు లాగుతుంది. దాన్ని నడిపి చూసేందుకు ఆయన లైఫ్ జాకెట్ వేసుకునేలోపు, మాతో పాటు చూడ్డానికి వచ్చిన మా అత్తమ్మ దిష్టి తగలకుండా నిమ్మకాయ, మిరపకాయలు గుచ్చిన నల్లతాడు బండికి కట్టింది.

"అమ్మా, ఇది లారీ కాదే!" అని నవ్వారే గానీ, ఎక్కడ కట్టిందో ఆయన చూడలేదు.

ఇప్పుడు బండి కట్ట మీదికి వస్తుంటే "వదిలేయండి! దుంకండి!" అని అరిచాను. ఆయన దూకగానే మణికట్టుకున్న పట్టీ లాగడంతో బండికి పెట్టిన క్లిప్పు ఊడి ఇంజిన్ ఆగింది. బండి మాత్రం రాళ్లకు కొట్టుకుని ముందుభాగం పగిలింది. చూస్తే, నల్లతాడు ఆ వెనక గొట్టం సందులో ఇరుక్కుని దాన్ని తిరగనీయలేదు.

"నా చేతులతోనే నీ పానం మీదికి తెచ్చిన గదరా!" అని అత్తమ్మ ఏడ్చేసింది.

ఆయన తడి బట్టలతోనే ఆమెను దగ్గరకు తీసుకున్నారు. "నాకేం కాలేదు గదనే. ఇగ ఊకో. దిష్టి గిట్ల పోయిందనుకో."

ఆ ఇద్దరినీ అలా చూశాక నాకు కోపం రాలేదు.

మర్నాడు పొద్దున పిల్లలకు మెల్లగా చెప్పాను: "బండిని నాన్న బాగుచేస్తడు. నాన్నమ్మ మనసు మనం చూసుకోవాలె. ఆ తాడు ముచ్చట ఆమె ముందు తీయకండి."