సలోమి సెల్ గ్రూప్ ఎందుకో ఈ రోజు అడిగాను

నిన్న ఉదయం పదిన్నరకు ఫోన్ వచ్చింది.

ఒంగోలు ఆస్పత్రి నుంచి మా వీధి రూతు. నా భార్య సలోమికి ఆ పూట తోడుగా ఉన్నది ఆమే. ఉతికిన బట్టలు తీసుకెళ్దామని నేను ముందురోజు మార్కాపురం ఇంటికి వచ్చాను.

"బావా, అక్క లేదు" అంది.

"స్కానింగ్‌కు తీసుకెళ్లారా?" అని అడిగాను.

ఏ ఫ్లోర్‌కు అని నేనే మళ్లీ అడిగాను. అప్పుడు రూతు ఏడ్చింది. అప్పుడు అర్థమైంది.

సంచిలో పెడుతున్న టవల్ మడత విప్పి, మళ్లీ మడత పెట్టాను. ఎందుకో తెలియదు.

ఈ రోజు ఉదయం సమాధి చేశాము. రాలేకపోయిన బంధువులకు, కాలేజీ మిత్రులకు, పాత స్టూడెంట్స్‌కు తెలియాలని ఈ పోస్ట్. నేను ఎక్కువ మాట్లాడే మనిషిని కానని మీకు తెలుసు. సలోమి గురించి ఒక్క సంగతి రాస్తాను.

రాష్ట్రం విడిపోయిన ఏడాది మా చర్చిలో పాస్టరు గారు సెల్ గ్రూపులు మొదలుపెట్టారు. పది మందికి మించకుండా, వారానికోసారి, ఎవరో ఒకరి ఇంట్లో కూడిక. మా వీధి ఆడవాళ్ల గ్రూప్ మా ఇంట్లోనే. గురువారం నాలుగు గంటలకు. సలోమి, రూతులతో కలిపి ఎనిమిది మంది.

ఎదురుగా కిరాణా దుకాణం శెట్టిగారు రెండు మూడు వారాలు గమనించి, ఒక రోజు నన్ను ఆపారు.

"ఏంది సారూ, మీ ఇంట్లో సెల్లు రిపేరు నేర్పిస్తున్నారంట? మా కోడలు ఖాళీగానే ఉంది. పంపించేదా?"

నేను వివరించేలోపే సలోమి గడపలోంచి అందుకుంది. "పంపించన్నా. పాడైనవన్నీ మా దగ్గరికే వస్తున్నాయి."

శెట్టిగారు నవ్వారు. నాకు మాత్రం సందేహం తీరలేదు.

నేను జువాలజీ లెక్చరర్‌ని. సెల్ అంటే ఏమిటో తెలుసు. ఈ సెల్ ఎందుకో తెలియదు. ఆదివారం మూడు వందల మందిమి కలిసి పాడతాము, ప్రసంగం వింటాము. మళ్లీ గురువారం ఎనిమిది మంది చాప మీద కూర్చుని కొత్తగా ఏం చేస్తారు?

ఒకసారి సలోమినే అడిగాను.

"ఆదివారం ఎవర్నడిగినా బాగున్నామంటారు. గురువారం అట్ల అంటే రత్నమ్మక్క ఒప్పుకోదు" అంది.

రత్నమ్మ పలకల ఫ్యాక్టరీలో పని చేస్తుంది. గ్రూప్‌లో అందరికన్నా పెద్దది.

అంతకుమించి సలోమి చెప్పలేదు. చాప మీద మాట గడప దాటకూడదని వాళ్ల రూలు.

ఆ గంటా నేను వరండాలో పేపర్ చదివేవాణ్ణి. లోపల పాట వినిపించేది. తర్వాత చాలాసేపు ఏమీ వినిపించేది కాదు. మధ్యలో ఒక్కసారిగా నవ్వులు. ప్రార్థనలో అంత నవ్వేదేముంటుందా అని పేజీ తిప్పకుండా వినేవాణ్ణి. ఒక్క మాట అందేది కాదు.

పోయిన ఏడాది ఒక గురువారం, కూడిక అయ్యాక, సలోమి నేరుగా వరండాలోకి వచ్చి నా పక్క కుర్చీలో కూర్చుంది.

"రొమ్ములో గడ్డ ఉంది. డాక్టర్ దగ్గరికి పోదాం" అంది.

రత్నమ్మ, రూతు మెట్ల దగ్గర చెప్పులు వెతుక్కుంటున్నారు. మిగిలినవాళ్లందరూ వెళ్లిపోయారు. అక్కడున్నవి రెండే జతలు. ఎంతసేపు వెతుకుతారా అని, ఆ స్థితిలో కూడా, అనుకున్నాను.

నేను "రేపే వెళ్దాం" అన్నాక వాళ్లకు చెప్పులు దొరికాయి.

ఈ రోజు సమాధి దగ్గర నుంచి వచ్చాక రూతు టీ ఇచ్చింది. రత్నమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. ఇన్నాళ్లూ మీరు లోపల ఏం చేసేవాళ్లని అడిగాను.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"మావి చెప్పం బావా. అక్కది ఒకటి చెప్తా" అంది రూతు. "గడ్డ సంగతి నీకన్నా మూడు వారాల ముందే మాకు తెలుసు."

గ్లాసు కింద పెట్టాను.

"నీకు చెప్పమంటే చెప్పదే! ప్రతి గురువారం అడిగినాము, బావకు చెప్పినావా అని. రేపు చెప్తా అనేది. మూడో వారం రత్నమ్మక్క చెయ్యి పట్టుకుని లేపింది. పో, ఇప్పుడే చెప్పు, చెప్పిందాకా మేం ఇంటికి పోము అనింది."

నాకెందుకు చెప్పలేదని అడిగాను.

రత్నమ్మ దాచలేదు. "నువ్వు బిగుసుకుపోతావని నాయనా. బాధ కలిగితే నెల్లాళ్లు నోరు తెరవవంట గదా. జబ్బు మోస్తా గానీ ఆయన మౌనం మోయలేనక్కా అని ఏడ్చింది."

నిజమే. మా అమ్మ పోయినప్పుడు నలభై రోజులు నేను సలోమితో సరిగ్గా మాట్లాడలేదు. ఆమె అన్నం పెట్టేది. నేను తినేవాణ్ణి.

మూడు వారాలు ముందు వెళ్లి ఉంటే ఏమయ్యేదో తెలియదు. కోపం రాలేదని అనను. కానీ వాళ్లు లేకపోతే ఆ మూడు వారాలు మూడు నెలలయ్యేవి. నాతో మాట్లాడే ధైర్యం నా భార్య ఏడుగురు ఆడవాళ్ల దగ్గర తెచ్చుకుంది.

రూతు గ్లాసులు తీస్తూ, "ఈ గురువారం మా ఇంట్లో పెట్టుకుంటాం బావా. నీకెందుకు ఇబ్బంది" అంది.

ఇక్కడే పెట్టుకోమన్నాను. నేనూ కూర్చోవచ్చా అని అడిగాను.

రత్నమ్మ నన్ను పైకీ కిందికీ చూసింది. "ఆడోళ్ల కూడిక. అయినా రా. ఊరకనే తలకాయ ఊపుతా కూర్చుంటే మాత్రం కుదరదు. మాట్లాడాల."

సరే అన్నాను. ఏం మాట్లాడాలో ఆలోచిస్తున్నాను. ఎల్లుండి గురువారం.

పరామర్శకు వచ్చేవాళ్లు ఎప్పుడైనా రండి. ఆ రోజు నాలుగు నుంచి ఐదు దాకా మాత్రం నాకు వీలు కాదు.

వెళ్లిరా సలోమీ. నీ ఒంటికి ఇక నొప్పి లేదు. ప్రభువు దగ్గర నెమ్మదిగా ఉండు.