వదలండి అన్నయ్యా

హైదరాబాద్ నుంచి వెళ్తూ, తెనాలిలో రేపల్లె రైలెక్కాం, నేనూ మా నాలుగేళ్ల పాపా. ఎదురు సీట్లోని పెద్దావిడ రేపల్లెలో ఆడపిల్లలకు జుజుత్సు అనే జపాన్ యుద్ధవిద్య నేర్పుతుందట. పాప గురించి ఎప్పుడూ భయపడే నేను, ఎవరైనా చెయ్యి పట్టుకుంటే ఎలా విడిపించుకోవాలో చూపించమన్నాను. ఆవిడ నా మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"వదలండి పిన్నిగారూ," అన్నాను.

"మా పిల్లలూ ఇంతేనమ్మా," అని నవ్వింది. "పట్టుకున్నవాణ్ణి 'వదలండి అన్నయ్యా' అంటారు. వాడు అన్నయ్యేంటి? విడిపించుకోవడం వారంలో వచ్చేస్తుంది. ఈ వరసలు కలపడం మానాలంటే ఏడాది పడుతుంది."

ఇంతలో పక్క సీటాయన పాపకు జామకాయ ఇవ్వబోయాడు. పాప నా వైపు చూసింది. 'మావయ్య ఇస్తున్నాడు, తీసుకో' అనడం నాకు అలవాటు. ఆ మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. వద్దనడానికీ నోరు రాలేదు. ఆయన చెయ్యి చాచుకునే ఉన్నాడు.