విశ్వాసమ్మ అడుగుకు తగ్గ జోరు

కర్నూలు రాజధాని అయిన ఏడాది మాట. వేంపల్లెకు మూడు మైళ్ల దూరంలో ఉన్న పల్లెలో గాబ్రియేలు ఉండేవాడు. నాపరాళ్ల గనిలో కూలి. కూతురు వరమ్మకు పసితనంలో జ్వరం తగిలి కుడికాలు చచ్చుబడింది. ఎనిమిదేండ్లు నిండినాక, వేంపల్లె బడికి పోతానని పిల్ల మంకుపట్టు పట్టింది. ఎన్నాళ్లని ఎత్తుకొని మోస్తాడు? రెండు పాత చక్రాలకు చెక్కపెట్టె బిగించి బండి చేసి, ఇనుపకడ్డీతో తన సైకిల్ వెనక తగిలించుకున్నాడు.

"ఏమప్పా గాబ్రియేలూ, ఎద్దు పని నువ్వే చేస్తాండావే!" అని అరుగు మీది సుంకప్ప ఎగతాళి చేసేవాడు.

"ఎద్దుకైతే ఇంత మేతన్నా వేస్తారు కదప్పా."

నిజానికి నిదానంగా తొక్కడమే గాబ్రియేలు ప్రాణం తీసేది. వట్టి సైకిలైతే దానంతటదే పోతుంది. వెనక పిల్ల ఉంటే, బండి ఎగిరిపడకుండా తొక్కీ తొక్కనట్టు తొక్కాల. హ్యాండిలు ఊగులాడుతుంది, పిక్కలు రాళ్లవుతాయి. దిగుడొస్తే బండే సైకిల్‌ను ముందుకు తోస్తుంది, బ్రేకు వేసినా ఆగదు. ఇంత అవస్థపడి గనికి చేరితే మేస్త్రి మొహం మాడ్చుకొని ఉంటాడు.

"నీకొక్కనికే పొద్దు ఆలస్యంగా పొడుస్తాదా? రేపూ ఇట్లే వస్తే మళ్లీ రానక్కర్లేదు" అన్నాడొకనాడు.

మర్నాడు దారిలో వాగుకు దిగే వంక దిగుడులో గాబ్రియేలు బ్రేకు వదిలేసినాడు. వరమ్మకు పండగే. ఒక పక్కకు వంగి చప్పట్లు కొట్టింది. మలుపులో ఒక చక్రం గాల్లోకి లేచి, బండి తిరగబడింది. పిల్ల కంకరలో పడి మోచెయ్యి, గడ్డం చీరుకుపోయినాయి.

తల్లి విశ్వాసమ్మ గాయాలు కడిగి పసుపు అద్దుతూ, "బడీ వద్దు గిడీ వద్దు. ఉన్న కాలూ పోగొడతావా ఏంది?" అని మొగుని మీద లేచింది. గాబ్రియేలు గోడకు చేరగిలబడినాడు.

"నాయనను అనొద్దు మా. బడి మాత్రం మాన్పించొద్దు" అని వరమ్మ ఏడ్చింది.

విశ్వాసమ్మ పిల్ల కండ్లు తుడిచి మొగుని వైపు తిరిగింది. "రేపు నేనూ వస్తా. బండి అంచు పట్టుకొని నడుస్తా. నా చెయ్యి జారేంత జోరుగా పోయినావంటే, పిల్లను ఆడనే దింపుకొని ఇంటికి తెచ్చుకుంటా."

"గనికి ఆలస్యమైతాది మే."

"కోడి కూయంగానే బయల్దేరదాం. బడి తెరిచేదాకా పిల్ల వసారాలో కూచుంటాది."

అప్పటి నుంచి ఆ సైకిల్ ఆమె నడకను దాటలేదు. వంక దిగుడులో గాబ్రియేలు దిగి హ్యాండిలు పట్టుకునేవాడు, ఆమె వెనక నుంచి బండిని బిగబట్టేది. మూసిన బడి ముందర పిల్లను దించి, ఒకరు గనికి, ఒకరు కలుపు పనికి. పొద్దున్నే సగం బలం దారిలోనే పోయేది.

విశ్వాసమ్మ మడమలు పగిలినాయి. అయినా ఒకనాడు చదునుదారిలో మొగుడు తూలడం చూసి, అంచు వదలకుండానే అడుగు సాగదీసింది.

"ఇంగ కొంచెం జోరుగా తొక్కయ్యా. ఇంత నిదానమైతే నువ్వే పడేట్టుండావు."

"నీకు ఆయాసం మే."

"నా ఆయాసం నేను చూసుకుంటాలే."

గాబ్రియేలు కొంచెం జోరు పెంచినాడు. ఆమె రొప్పుకుంటా పక్కనే నడిచింది.